తోరా తుపాకి ఎటు తిరిగితే అటు

ఇరవై తొమ్మిదేళ్ళు ఈ మోంటానా మట్టిరోడ్ల మీద ఉత్తరాల బండి నడిపి, రెండేళ్ళ కిందట రిటైరైనదాన్ని నేను. రోజుకి తొంభై నాలుగు మైళ్ళు, నలభై ఒక్క ఇళ్ళు. ఎవరింటికి ఏ కవరు వస్తుందో, దాన్ని చూడగానే ఎవరు మొహం మాడ్చుకుంటారో నాకు తెలిసినంతగా వాళ్ళ పాస్టరుకి కూడా తెలీదు. అలాంటిదాన్ని, నా ముక్కు కింద జరుగుతున్న సంగతిని నాలుగు నెలలు కనిపెట్టలేకపోయాను. అదీ ఎవరి విషయంలో? తోరా బక్కెన్ విషయంలో. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

తోరాకి డెబ్భై రెండేళ్ళు. బాడ్జర్ వాగు పక్కన నూట నలభై చూడి గొర్రెలు, ఒక పాత ఇల్లు, ఇంటికన్నా గట్టిగా కట్టిన గొర్రెల కొట్టం. మొగుడు మెర్ల్ ట్రాక్టరు తిరగబడి పోయి పదకొండేళ్ళయింది. అతన్ని పూడ్చిన మర్నాడు పొద్దున నేను ఓదార్చడానికి కేకు చేసుకుని వెళ్తే ఆవిడ కొట్టంలో మోకాళ్ళ మీద ఉంది. ఒక చేయి మోచేతిదాకా గొర్రె కడుపులో. లోపల పిల్ల అడ్డం తిరిగిందట. "కేకు అక్కడ పెట్టి ఆ తువ్వాలు ఇటియ్యవే" అంది. పిల్ల బయటికొచ్చి తుమ్మాక, అప్పుడు ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, కేకులో చక్కెర ఎక్కువైందని కూడా చెప్పింది.

మా స్నేహం ఎలా మొదలైందో కూడా చెప్పాలి. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట, నేను ఉద్యోగంలో చేరిన మొదటి చలికాలం, నా బండి వాళ్ళ గేటు దగ్గర మంచులో కూరుకుపోయింది. నేను గొంతు చించుకుని అరిచాను. ఆవిడ ట్రాక్టరు వేసుకొచ్చి బండిని లాగి, దిగి, నన్ను ఎగాదిగా చూసింది.

"ఇందాక అరిచింది నువ్వేనా?"

"నేనే. చచ్చిపోతాననుకున్నాను."

"నీ గొంతు అచ్చం చస్తున్న కుందేలు గొంతే. శనివారం ఖాళీయేనా?"

అలా నేను కయోటీల వేటలో పడ్డాను. కయోటీ అంటే నక్కకి అన్న, తోడేలుకి తమ్ముడు. గొర్రెలున్న ఇంటికి దినదిన గండం. దాన్ని వెంటాడి ఎవరూ పట్టలేరు. పిలవాలి. కుందేలు బాధతో అరిచినట్టు బూర ఊదితే, ఆకలి మీదున్నది తనే వస్తుంది. అందుకే ఇద్దరు కావాలి, ఒకరు ఊదడానికి, ఒకరు కాల్చడానికి. మా ఇద్దరిలో ఊదేది నేను, కాల్చేది తోరా. ఆవిడ నాన్న ఇచ్చిన తుపాకి అది. ఇంకొకరు దాన్ని ముట్టుకోవడం నేనెన్నడూ చూడలేదు.

ఇందులో ఒక పద్ధతి ఉంది, తోరా మొదటి రోజే నా నెత్తిన మొట్టి మరీ నేర్పింది. ఊదేవాళ్ళు కయోటీ కోసం తల తిప్పి వెతక్కూడదు. తల కదిలితే అది అరమైలు దూరం నుంచే పసిగడుతుంది. ఊదేవాళ్ళు చూడాల్సింది తుపాకి గొట్టాన్ని. గొట్టం నెమ్మదిగా ఎడమకి జరిగిందంటే ఎడమవైపు వస్తోందని. ఆగిందంటే దగ్గరికొచ్చిందని, ఇక ఊదడం ఆపాలని. ముప్పై ఒక్క చలికాలాలు నేను కయోటీని చూసింది తక్కువ, ఆ గొట్టాన్ని చూసింది ఎక్కువ. అది ఎటు తిరిగితే నా లోకం అటు తిరిగేది.

ఈ ఏడు కొత్త సంవత్సరం దాటగానే గొర్రెలు చావడం మొదలైంది. కాపలా కుక్క ముసలిదై శరదృతువులోనే పోయింది, కొత్తది ఇంకా పిల్ల. పది రోజుల్లో ఏడు చూడి గొర్రెలు. అన్నిటికీ గొంతు కిందే కాటు, కయోటీ పనే, సందేహం లేదు. జనవరిలో రెండుసార్లు వెళ్ళాం. రెండుసార్లూ అది వచ్చింది, రెండుసార్లూ తోరా గురి తప్పింది. ఒకసారి గాలి అంది. ఇంకోసారి తుపాకి మీది దుర్భిణి అద్దం కదిలిపోయిందంది. తోరా గురి తప్పడమా! అయినా నమ్మాను. ఆవిడ చెబితే నమ్మడం అలవాటైపోయింది మరి.

ఫిబ్రవరి రెండో వారంలో ఆవిడ నాకు ఫోను చేసి, వాతావరణం గురించి చెబుతున్నట్టు చెప్పింది. "గురువారం డ్వైట్ పెట్రిక్ లారీ వస్తోందే. గొర్రెలన్నిటినీ ఎక్కించేస్తున్నాను."

"ఎక్కడికి?"

"సంతకి. ఇంకెక్కడికి, చర్చికా? మూడు వారాల్లో ఈతలు మొదలవుతాయి. పెద్దవాటినే ఆపలేనిదాన్ని, పిల్లల్ని ఏం ఆపుతాను? కయోటీ గెలిచింది. అంతే."

గొర్రెల్లేని తోరా అంటే ఏమిటి? ఆ వాగు పక్కన, ఆ ఇంట్లో, కిటికీ దగ్గర ఒక కుర్చీ. నాలుగు నెలల్లో ఆవిడ పోతుందని నాకు తెలుసు.

"మంగళవారం వస్తున్నాను" అన్నాను. "దాన్ని కొట్టేస్తే లారీని వద్దంటావా?"

"కొడితే కదా" అంది.

మంగళవారం పొద్దున్న సున్నాకి ఎనిమిది డిగ్రీలు కిందకి పోయింది. తోరా గేటు దగ్గరే నిలబడి ఉంది. మంచులో కనబడకుండా పాత తెల్లదుప్పట్లతో ఆవిడే కుట్టిన అంగీ, భుజాన తుపాకి. నా పికప్పులోకి ఎక్కుతూనే మొదలెట్టింది.

"చద్దిమొహం వేసుకొచ్చావేంటే?"

"రాత్రి నిద్రలేదు. నీ గొర్రెల మూలంగానే."

"నా గొర్రెలకి నేను బాగానే నిద్రపోయాను. నీకేమొచ్చింది మాయరోగం?"

"ఇవాళ దాన్ని కొడతాం. ఆ పెట్రిక్‌గాడు గురువారం ఖాళీ లారీతో ఇంటికి పోతాడు, రాసిపెట్టుకో."

"చూద్దాం" అంది.

తోరా నోట 'చూద్దాం' నేనెప్పుడూ వినలేదు. ఆవిడ మాట ఎప్పుడూ 'కొడతాం'. కానీ నాకు ఆ పూట పట్టుదల నరనరానా పాకి ఉంది, ఆ మాట చెవిన పడ్డా మనసుకి పట్టలేదు.

బండిని పల్లంలో ఆపి, తలుపులు చప్పుడు కాకుండా తుంటితో నొక్కి మూసి, అరమైలు నడిచాం. మంచు పైపొర గట్టిపడి అడుగు వేస్తే కరకరమంటోంది. గాలి వాయవ్యం నుంచి మొహానికే కొడుతోంది, అదే కావాలి మాకు. సేజ్ పొదల మధ్య తోరా ముందు కూర్చుంది, నేను పది అడుగులు వెనక, కొంచెం ఎడమగా. తుపాకిని మోకాలి మీద ఆనించి చెయ్యి ఊపింది. నేను బూర అందుకున్నాను.

నా గొప్ప నేను చెప్పుకోకూడదు గానీ, ఆ రోజు ఊదినట్టు ఎప్పుడూ ఊదలేదు. ఊది, ఆపి, వంద లెక్కపెట్టి, మళ్ళీ ఊది. కళ్ళు తుపాకి గొట్టం మీదే. గొట్టం కుడివైపు, వాగు వంపు మీదికి ఉంది. కదల్లేదు.

ఆరు నిమిషాలయ్యాక నా ఎడమ కంటి కొసలో ఏదో నడిచింది. తల తిప్పకుండా కనుగుడ్లు మాత్రం తిప్పాను. కయోటీ. పెద్దది, మెడ చుట్టూ దట్టమైన జూలు, బూడిద రంగు. దాక్కోవడం లేదు, పొదల చాటున రావడం లేదు. ఒట్టి తెల్లటి మంచు మీద తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి, ఎనభై గజాల దూరంలో కూర్చుంది. మా ఇంటి వరండాలో పిల్లి కూర్చున్నట్టు కూర్చుంది. పిల్లాడు కూడా తప్పడు ఆ దెబ్బ.

గొట్టం కుడివైపే ఉంది.

ఏదో ఎత్తు వేస్తోంది తోరా అనుకున్నాను. రెండోది కూడా రావాలని చూస్తోందేమో అనుకున్నాను. కాల్చవే, కాల్చు, దేనికి చూస్తున్నావే? అది లేచి, ఆవులించి, ఒక్కసారి మా వైపు గాలి పీల్చి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. పరుగు కూడా పెట్టలేదు.

ఇంకో పది నిమిషాలయ్యాక తోరా వెనక్కి తిరిగింది. "ఇవాళ రాదే. పద, కాళ్ళు కొయ్యబారిపోతున్నాయి."

బండిదాకా అరమైలూ ఆవిడ వెనకాలే నడిచాను. ఆవిడ నా అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ వచ్చేది ఎప్పుడూ. ఇవాళ నేను వెనక ఉంటే, పొద్దున మేం వేసుకొచ్చిన అడుగుల్ని పాదంతో తడుముకుంటూ నడుస్తోంది. అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. గేరు బాగోలేదని డిసెంబరు నుంచి బండి నడపడం మానేసింది. సూదిలో దారం నాచేత ఎక్కించుకుంది, వేళ్ళు నొప్పులని చెప్పి. క్రిస్మస్ కార్డులు నాచేతే చదివించుకుంది, నా గొంతు వినడం సరదా అట! ముప్పై ఏళ్ళుగా నా గొంతుని కుందేలుతో పోల్చిన మనిషికి సరదా ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది? ఒసే ఆర్డిస్, ఇంత మొద్దువేంటే నువ్వు అనుకున్నాను.

బండిలో కూర్చున్నాం. ఫ్లాస్కులోంచి కాఫీ పోశాను. ఆవిడ తెచ్చిన బంగాళాదుంప రొట్టె, వెన్నా చక్కెరా పూసి చుట్టింది, చెరొకటి తీసుకున్నాం. ఎదురుగా కంచె.

"ఆ మూల గుంజ మీద ఏం వాలిందో చూడు" అన్నాను, మామూలుగానే.

ఆవిడ మొహం కొంచెం పక్కకి తిప్పి చూసింది. నమిలింది. "గద్ద" అంది.

"ఏ రంగు?"

"గద్దకి ఏ రంగుంటుందే? గద్ద రంగే."

"అక్కడ గద్దా లేదు, కాకీ లేదు తోరా. ఒట్టి గుంజ."

ఆవిడ నమలడం ఆగింది.

"ఎన్నాళ్ళయింది?" అన్నాను.

"నీ కాఫీ చల్లారుతోంది."

"తోరా! ఎన్నాళ్ళయిందని అడుగుతున్నాను!"

"అరవకు. చెవులు బాగానే ఉన్నాయి." రొట్టెని కాగితంలో మళ్ళీ చుట్టింది. "అక్టోబరులో తేలింది. రెండు కళ్ళూనట. డాక్టరు బొమ్మ గీసి మరీ చూపించాడు, ఆ బొమ్మా సరిగ్గా కనపడలేదనుకో. పక్కనున్నవన్నీ కనిపిస్తాయే. నువ్వు కనిపిస్తావు, కంచె కనిపిస్తుంది. దేన్నైతే చూద్దామని చూస్తానో, సరిగ్గా దాని మీదే ఎవరో బొటనవేలు పెట్టి మూసేసినట్టు ఉంటుంది. చూడాలనుకున్నదొక్కటే కనపడదు."

నాకు జాలి రావాలి. నిజం చెబుతున్నాను, కోపం వచ్చింది.

"అందుకని నా పక్కన నిండు తుపాకి పట్టుకుని కూర్చుంటావా? నన్నే కుందేలనుకుని కాల్చి ఉంటే?"

"నువ్వు కనిపిస్తావని చెప్పానుగా. నిన్ను చూడాలని ఎప్పుడూ అనుకోలేదు."

"హాస్యం ఒకటి పైన! గాలి అన్నావు, అద్దం కదిలిందన్నావు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. నాకెందుకు చెప్పలేదే?"

"నీకు చెబితే నాలుగు జిల్లాలకి తపాలా వేసినట్టే. ఇంకేముంది, తోరా గుడ్డిదైపోయింది, పాపం తోరా, అని కేకులు పట్టుకుని వరసగా దిగేవాళ్ళు."



"మరి గొర్రెలు?" అన్నాను. "కయోటీ గెలిచిందని అమ్మేస్తున్నానన్నావు."

"కయోటీ తినేసిందని అమ్ముకుంటే తప్పేముంది? మా నాన్న కూడా ఒక ఏడు అమ్ముకున్నాడు. అందులో సిగ్గులేదు. కానీ కళ్ళు పోయాయని అమ్ముకుంటే..." రొట్టె పొట్లాన్ని ఒళ్ళో పెట్టుకుంది. "ఆ తర్వాత నేను ఎవర్నే?"

అదీ సంగతి. అర్థమైంది నాకు. ఆ కయోటీ రావడం ఆవిడకి దేవుడిచ్చిన సాకు అయింది. ముసలిదాన్నైపోయానని ఒప్పుకోవడం కన్నా కయోటీ చేతిలో ఓడిపోయానని చెప్పుకోవడం పరువు అనుకుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరూ చూడ్డం లేదనుకుంది. గురువారం లారీ ఎక్కాల్సినవి ఆ నూట ముప్పై మూడు గొర్రెలు మాత్రమే కాదు.

"అది వచ్చింది" అన్నాను.

"ఏది?"

"ఇందాక. ఎడమవైపు నుంచి. ఎనభై గజాల్లో కూర్చుంది. ఆవులించి కూడా వెళ్ళింది."

ఆవిడ నా వైపు తిరిగింది. అంటే, నా చెవి వైపు. "వచ్చిందా?" అంది. అంత చిన్న గొంతుతో ఆవిడ మాట్లాడ్డం నేను వినలేదు. "ఎంతుంది? జూలుందా?"

"ఉంది."

"మగది. నాకు తెలుసు. బూడిద రంగేనా?" కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, ఆవిడ తుడుచుకోవడం లేదు. "అయ్యో, నా ముందు కూర్చుందా అది!"

ఇక నావల్ల కాలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపేశాను. "ఇదిగో విను. ఆ రోజు గొర్రె కడుపులో మోచేతిదాకా చెయ్యి పెట్టి పిల్లని తిప్పావే, అప్పుడు కళ్ళతో చూసి తిప్పావా? లోపల దీపం ఏమన్నా ఉందా? ఈతలకి నీ చేతులు కావాలి. మేత వెయ్యడానికి నీ నడుం కావాలి. కళ్ళు కావాల్సిన పని ఒక్కటే, కాల్చడం. అది నేను చేస్తాను."

ఆవిడ ఏడుపు ఆగిపోయింది. "నువ్వా?"

"నేనే."

"ఏడిశావ్! ఒకసారి సరదాకి కాలుస్తానని నీ చిన్న తుపాకితో మా నీళ్ళ తొట్టికి చిల్లు పెట్టావు. తొట్టి, ఆర్డిస్! ఆవుకన్నా పెద్దది. అది కూడా నువ్వు గురిపెట్టింది కాదు."

"తొట్టి కదల్లేదు కదా, అందుకే తగిలింది. నేర్పు. నీకు నేర్పడం చేతకాకపోతే చెప్పు, గురువారం నేనే వచ్చి గొర్రెల్ని లారీ ఎక్కిస్తాను."

తోరా మోకాళ్ళ మధ్య ఉన్న తుపాకిని తీసి, గుళ్ళు దులిపి, ఖాళీ అయిందో లేదో వేలు పెట్టి తడిమి చూసుకుని, నా ఒళ్ళో పెట్టింది. అది నేననుకున్నదానికన్నా బరువుగా ఉంది.

కొండ అవతలికి ఆరు మైళ్ళు పోయాం, చప్పుడు ఇటు వినబడకుండా. వంద గజాల దూరంలో కాఫీ డబ్బా పెట్టాను. మొదటి గుండు ఎటుపోయిందో ఆ దేవుడికే తెలియాలి. తోరా నా పక్కనే మంచులో పడుకుని, చెవి నా మూతి దగ్గర పెట్టింది.

"ఊపిరి బిగబడుతున్నావు. వినబడుతోంది నాకు. బిగబట్టకు. వదులు. వదిలేశాక, మళ్ళీ పీల్చేలోపు ఒక ఖాళీ ఉంటుంది చూడు, అక్కడ నొక్కు. లాగకు, నొక్కు. పిండి ముద్ద నొక్కినట్టు."

రెండోది తప్పింది. మూడోదానికి డబ్బా ఎగిరింది. నాలుగోదానికీ ఎగిరింది. నేను గంతులేశాను.

"గంతులు తర్వాత" అంది తోరా. "గుళ్ళు ఇంకెన్నున్నాయి?"

"మూడు."

"ఒక్కటి చాలు. రెండోది వేసే వ్యవధి అదెలాగూ ఇవ్వదు."

మధ్యాహ్నం మూడింటికి వాగు రెండో పాయ అంచున కూర్చున్నాం. బూర ఊదబోతే తోరా నా చెయ్యి ఆపింది.

"కుందేలు వద్దు. పొద్దున్నే వచ్చి చూసి పోయింది కదా, మళ్ళీ అదే పాట వింటే నవ్వుకుంటుంది. ఇది జతకట్టే కాలం. కొత్త మగది దాని నేల మీదికి వచ్చిందని చెప్పాలి. కోపంతో రావాలి అది, ఆకలితో కాదు."

"అలా ఎలా ఊదుతారు? నాకు రాదు."

"నిన్నెవరు ఊదమన్నారు?" అంది. "ఈ నాలుగు నెలలూ చదవలేక, కుట్టలేక, కిటికీ దగ్గర కూర్చుని నేను చేసిందేంటనుకున్నావు? వాటినే విన్నాను. దాని గొంతు చివర్లో చీలుతుంది. దాని ఆడదాని గొంతు సన్నం. నాకు వాటి సంసారం మొత్తం తెలుసు."

ఇద్దరం భుజానికి భుజం ఆనించి కూర్చున్నాం. పాత పద్ధతి ఇక పనికిరాదు; గొట్టం ఎటు తిరిగిందో ఆవిడకి కనపడదు. అందుకని నా భుజం ఎటు తిరిగితే అది ఆవిడ భుజానికి తెలియాలి. తోరా చేతులకున్న ఊలు తొడుగులు తీసి, దోసిలి నోటికి అడ్డం పెట్టుకుని, తల వెనక్కి వాల్చి ఊళ పెట్టింది.

నా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. పక్కనే కూర్చున్నది డెబ్భై రెండేళ్ళ గొర్రెల ఆసామి అని నాకు తెలుసు, అయినా సరే జరిగి కూర్చుందామనిపించింది. నిమిషం గడిచింది. వాగు అవతల నుంచి జవాబు వచ్చింది, కోపంగా, చివర చీలిన గొంతుతో. తోరా పెదవుల మీద నవ్వు మొలిచింది. రెండోసారి ఇంకా పొగరుగా ఊళ పెట్టింది.

నేను దుర్భిణిలో చూస్తున్నాను. నా ఊపిరికి అద్దం మసకబారింది. తుడిచాను. ఏమీ లేదు. సేజ్ పొదలు, మంచు, సేజ్ పొదలు. గొర్రెలన్నీ లారీ ఎక్కుతున్నట్టు, ఆవిడ గేటు పట్టుకుని నిలబడినట్టు ఒకటే కళ్ళకి కడుతోంది. నోరుమూసుకో ఆర్డిస్ అని నాకు నేనే చెప్పుకున్నాను.

తోరా మోచెయ్యి నా పక్కటెముకల్లో ఎడమవైపుకి పొడిచింది. నాకింకా ఏమీ కనబడలేదు, ఆవిడకి మంచు పొర విరిగిన చప్పుడు వినబడింది. నెమ్మదిగా ఎడమకి తిరిగాను. వాగు గట్టు మీదికి ఎక్కింది అది! మెడ మీద జూలు లేచి, తల దించి, నేరుగా మా మీదికి పరిగెత్తుకొస్తోంది. దుర్భిణిలో ఎగిరెగిరి పడుతోంది, ఒక్క క్షణం నిలవడం లేదు. నూట యాభై. నూట ఇరవై. నాకు చేతకాదు అనుకున్నాను. పరిగెత్తేదాన్ని నేను కొట్టలేను.

తోరా మొరిగింది. ఒక్కటే మొరుగు, కుక్కలాగా, పొట్టిగా.

అది టక్కున ఆగింది. తల ఎత్తింది, ఎవరా అని. నేను ఊపిరి వదిలాను. ఖాళీ దొరికింది. నొక్కాను.

చెవులు గింగుర్లెత్తాయి. కళ్ళు తెరిచేసరికి మంచు మీద బూడిదరంగు ముద్ద, కదలడం లేదు.

"ఏమైందే?" తోరా నా అంగీ పట్టుకుని గుంజుతోంది. "చెప్పవే, నీ నోరు పడిపోనూ! చెప్పమన్నప్పుడు చెప్పవు కదా!"

"పడింది."

"పడి లేచిందా?"

"లేవలేదు తోరా. పడింది. పడిపోయింది!"

మేమిద్దరం, కలిపితే నూట నలభై ఏళ్ళున్న ఆడవాళ్ళం, మంచులో ఒకరినొకరం పట్టుకుని పిల్లల్లా ఏడ్చాం. తర్వాత ఆవిడ నా చెయ్యి పట్టుకుని దాని దగ్గరికి నడిచింది. మోకాళ్ళ మీద కూర్చుని, జూలు తడిమి, దెబ్బ వెతికింది.

"ఎక్కడ గురిపెట్టావు?"

"భుజం వెనక."

"మెడలో తగిలింది. జానెడు తేడా. ఫర్వాలేదు, అబద్ధం ఆడకుండా చెప్పావు." దవడ విప్పి, పళ్ళ మధ్య వేలు పోనిచ్చింది. రెండు పళ్ళ సందులోంచి ఏదో లాగి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపింది. "ఊలు. నా గొర్రెలదే. నూనె ఇంకా ఉంది." దాని తల మీద ఒకసారి చెయ్యి వేసి తీసింది. "మంచి మగది" అంది. నిజంగానే అంది, ద్వేషం లేకుండా.

గట్టు ఎక్కితే ఫోను పలుకుతుంది. ఎక్కాం. ఆవిడ లోపలి జేబులోంచి ఫోను తీసి, మొహానికి దగ్గరగా పెట్టి, పక్కకి వాల్చి, దూరంగా పెట్టి చూసింది. నేను సాయం చెయ్యబోయి ఆగాను. ఎందుకాగానో చెప్పలేను గానీ, ఆగడం మంచిదైంది.

"అంకెలు కనపడట్లేదే" అంది చివరికి. ఫోను నా వైపు చాచింది. "డ్వైట్ పెట్రిక్ నంబరు నువ్వు నొక్కు."

నొక్కి ఆవిడ చెవి దగ్గర పెట్టాను.

"డ్వైట్, నేను తోరాని. గురువారం లారీ తేవద్దు... ఆఁ, కొట్టాం దాన్ని. నేను కాదు, ఆర్డిస్ కొట్టింది... ఎందుకంటే నా కళ్ళు పోయాయి డ్వైట్. అవును, రెండూ. అక్టోబరు నుంచి." అవతల అతను ఏదో అంటున్నాడు, జాలిగానే అయి ఉంటుంది. ఆవిడ మధ్యలోనే ఆపేసింది. "పాపం గీపం ఏం లేదయ్యా. అందరికీ చెప్పుకో, నేనేం అనుకోను. నూట ముప్పై మూడు గొర్రెలు ఈనబోతున్నాయి నాకు, మార్చి మొదటి వారంలో నీకేమైనా చేతులు ఖాళీగా ఉంటే వచ్చి తువ్వాళ్ళు అందించు."